సత్తుపల్లి నుంచి మణుగూరుకు భూమిని కొలుస్తూ

తల్లాడలో ఉదయం ఏడున్నరకు సత్తుపల్లి బస్సు ఎక్కుతుంటే కండక్టరు నా చేతిలోని ఇనుప గొట్టం వైపు అనుమానంగా చూశాడు. గొట్టం నిలువెత్తుకంటే ఎక్కువే ఉంది. ముక్కోటి దగ్గర పడింది కనుక బస్సు నిండా జనం. గొట్టాన్ని సీట్ల కిందికి తోస్తే ముందు వరుసలోని ఒక పెద్దమనిషి కాళ్లకు తగిలింది.

"మేడం, ఆడోళ్లకు ఫ్రీ గద, మీకైతే జీరో టికెట్. గొట్టానికి ఎవలు కడ్తరు?" అన్నాడు కండక్టరు. "బోరు పనా?"

"కాదన్నా. ఎండ కొలిచే పని."

ఆయన గొట్టానికి టికెట్టు కొట్టలేదు. సత్తుపల్లిలో దిగేటప్పుడు మాత్రం, "జాగ్రత్త మేడం, ఎవల కంట్లోనన్న పొడిచేరు" అని కేకేసి తనే వచ్చి ఒక చివర పట్టుకుని దించాడు.

నేను ప్రభుత్వ పాఠశాలలో సోషల్ టీచర్ని. డిసెంబరు మొదట్లో తొమ్మిదో తరగతికి యూరపు నావికుల సముద్రయానాలు, ఆ కాలపు శాస్త్ర పరిశోధనల పాఠం చెబుతున్నాను. శ్రావణి అనే అమ్మాయి లేచి, "టీచర్, అన్నీ వాళ్లే కనిపెట్టిన్రు. మనం పేర్లు బట్టీ కొట్టుడేనా?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం స్టాఫ్‌రూములో లెక్కల టీచరు రజియాతో ఈ మాట చెప్పాను. రజియా టీ గ్లాసు కింద పెట్టి, "పద్మక్కా, మనమూ ఒకటి కొలుద్దాం. భూమి చుట్టుకొలత కొలుద్దాం" అంది.

ఆమె ఊరికే అనలేదు. ఐదువందల ఏళ్ల కిందట పారిస్‌లో ఒక వైద్యుడు ఆ పనే చేశాడు. మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో తన ఊళ్లో చూసుకుని ఉత్తరానికి బయల్దేరాడు. సూర్యుడు ఒక్క డిగ్రీ కిందికి దిగినట్టు కనిపించిన చోట ఆగి, తిరుగు ప్రయాణంలో బండి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టించాడు. భూమి గుండ్రం కాబట్టి ఆ ఒక్క డిగ్రీకి ఎంత దూరమో తెలిస్తే, దాన్ని మూడువందల అరవైతో గుణిస్తే మొత్తం ఎంతో తెలిసిపోతుంది. ఆయన లెక్క దాదాపు సరిగ్గా వచ్చింది. మాకు కావలసింది ఉత్తర దక్షిణాలుగా ఉన్న రెండు ఊళ్లు. మ్యాపు పరిచి స్కేలు పెడితే సత్తుపల్లి మీదుగా గీసిన నిలువు గీత దాదాపు మణుగూరును తాకింది. రజియా ఉండేది సత్తుపల్లిలో, పుట్టి పెరిగింది మణుగూరు బొగ్గుగని కాలనీలో. ఆ గీతను చూసి ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

పిల్లల్ని అంత దూరం తీసుకుపోవాలంటే అనుమతులు కావాలి. ముందు మేం చేసి వద్దామనుకున్నాం. సీనియర్ మాస్టారు ఒకాయన, "పుస్తకంలున్నదాన్ని మళ్ల కొలుచుడేంది?" అన్నారు. సెలవులయ్యాక స్కూలు అసెంబ్లీలో ఆ లెక్క చెబుతామని హెడ్మాస్టరుతో అనేశాం. ఇక చేయక తప్పదు.

రజియా అద్దె ఇంటి డాబా మీద పని మొదలుపెట్టాం. గొట్టం పైకొసకు చిన్న రేకు బిగించి, రేకుకు సన్నటి చిల్లు పెట్టాం. నీడ అంచు మసకగా ఉంటుంది, కొలవడానికి లొంగదు. చిల్లులోంచి పడే వెలుగు మచ్చ మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఆ కాలంలో యూరపులోని కొన్ని పెద్ద చర్చిల పైకప్పుకు ఇలాగే చిల్లు పెట్టి, నేలమీద పడే సూర్యబింబాన్ని చూసేవారట. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండుతో గొట్టాన్ని నిటారుగా నిలబెట్టాం. నీళ్ల పైపుతో నేల మట్టం సరిచూశాం. కింద తెల్ల చార్టు పరిచి వెలుగు మచ్చ కదిలినప్పుడల్లా పెన్సిలుతో చుక్క పెట్టాం. గొట్టానికి అన్నిటికంటే దగ్గరగా పడిన చుక్కే అసలైన మధ్యాహ్నం. గడియారంలో పన్నెండు దాటాకే అది వచ్చింది.

చుక్కలు పెట్టడం అయిపోయిన కాసేపటికి ఊరి పక్కనున్న ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగి డాబా సన్నగా అదిరింది. వెలుగు మచ్చ చార్టు మీద వణికింది. "కొంచెం ముందుగాల పేల్చుంటే పోయేది మన లెక్క" అంది రజియా గుండె మీద చెయ్యి వేసుకుని.

మర్నాడు తెల్లవారుతూనే రజియా స్కూటీ మీద బయల్దేరాం. గొట్టం పట్టుకుని నేను వెనక కూర్చున్నాను. బస్సులో పోతే సులువే కాని దిక్కులు చూసుకోవడం కుదరదు. రోడ్డు వంకరలు తిరుగుతుంది, మాకు కావలసింది నేరుగా ఉన్న దూరం. అందుకు సముద్రం మీది నావికుల పద్ధతి పట్టుకున్నాం. వాళ్లకు నీటి మీద మైలురాళ్లూ ఊళ్లూ ఉండవు. దిక్సూచి ఏ దిక్కు చూపింది, ఓడ ఎంత దూరం నడిచింది, ఈ రెండే రాసుకుంటూ తామెక్కడున్నారో లెక్క కట్టేవారు. మేమూ పెద్ద మలుపు వచ్చినప్పుడల్లా ఆగి, స్కూటీ మీటరు చూసి, దిక్సూచితో దిక్కు రాసుకున్నాం. బండి ఇనుము దగ్గరుంటే ముల్లు తప్పు చూపుతుంది కనుక ప్రతిసారీ దిగి రోడ్డు పక్కకు దూరంగా నడిచేదాన్ని. పొద్దున చలికి వేళ్లు కొంకర్లు పోయేవి.

కొత్తగూడెం చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. బస్టాండు ఎదురుగా పూరీ తిన్నాం. పక్క బల్ల మీది డ్రైవరన్న మా గొట్టాన్ని చూసి, "ఏందక్కా, డిష్ యాంటెన్నా?" అన్నాడు. అవునంటే సరిపోయేది. రజియా ఊరుకోలేక భూమి సంగతంతా చెప్పింది. ఆయన ఆసాంతం విని, "నేను రోజూ ఈ రోడ్ల మీదనే తిరుగుత. గుండ్రం ఉన్నదని ఎన్నడు అనిపియ్యలే" అంటూ చేయి కడుక్కుని వెళ్లిపోయాడు.

పాల్వంచ దాటాక అడవి దగ్గరికొచ్చింది. టేకు చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. పదకొండు గంటల ప్రాంతంలో ఒక మలుపు దగ్గర ఆగి, గొట్టాన్ని చెట్టుకు ఆనించి, దిక్సూచి పట్టుకుని నిలబడ్డాను. విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపులు నెత్తిన పెట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు అడవిలోంచి వచ్చారు. మమ్మల్ని చూడగానే మోపులు దించేశారు. తమలో తాము కోయ భాషలో ఏదో గట్టిగా మాట్లాడుకున్నారు. అందరిలో పెద్దామె ముందుకొచ్చింది. ఆమె పేరు ముత్తమ్మ అని తర్వాత తెలిసింది.

"ఎవలు మీరు? ఏం కొలుస్తున్రు?"

"టీచర్లమమ్మా. దూరం కొలుస్తున్నాం."

"ఎవల భూమి?"

ముత్తమ్మ నా చేతిలోంచి దిక్సూచి తీసుకుంది. గుంజుకోలేదు. ఇవ్వక తప్పదన్నట్టు చేయి చాచింది, నేను ఇచ్చాను.

"మొన్న ఎవలో గిట్లనే గొట్టాలు వట్టుకొని వచ్చిన్రు. ఊకెనే చూసి పోతమన్నరు. ఎనుక మా పొలాలల్ల హద్దురాళ్లు పాతిన్రు. ఊరికి రాండ్రి. మాట్లాడినంక పోదురు."

రజియా నా వైపు చూసింది. భయమే వేసింది. పోలేమని కాదు, స్కూటీ మా దగ్గరే ఉంది. ఆ ఆడవాళ్ల ముఖాల్లోని కలత చూసి భయం వేసింది. స్కూటీ నడిపించుకుంటూ వాళ్ల వెనక మట్టిబాట పట్టాం.

ఊరు చిన్నది. బోరు దగ్గర ఇంకొంతమంది చేరారు. ముత్తమ్మ కోడలు సుజాత ఇంటర్ దాకా చదువుకుంది. మేం రాసుకున్న కాగితాలు ఒక్కొక్కటే తీసి చూసింది. బాణం గుర్తులు, మీటరు అంకెలు తప్ప వాటిలో ఏమీ లేవు.

"మా ఊరి పేరు ఏడ రాసిన్రు?"

"ఏ ఊరి పేరూ రాయలేదమ్మా. రాయం కూడా."

"మరి గిది దేనికి?"

నోటితో చెబితే చాలదనిపించింది. బోరు పక్కనున్న అల్యూమినియం బిందెను అడ్డంగా పడుకోబెట్టించాను. దాని గుండ్రటి పొట్ట మీద రెండు తడి మట్టి ముద్దలు అంటించి, ఒక్కోదానిలో ఒక తుమ్మముల్లు నిలువుగా గుచ్చాను. ఎండ పడేలా తిప్పితే ఒక ముల్లు నీడ పొట్టిగా, ఇంకోదాని నీడ పొడుగ్గా పడింది. "ఈ ముల్లు సత్తుపల్లి, ఆ ముల్లు మణుగూరు. బిందె గుండ్రంగా ఉంది కాబట్టి నీడలు తేడా వచ్చినయి. ఆ తేడాను బట్టి బిందె ఎంత పెద్దదో చెప్పొచ్చు" అన్నాను.

సుజాత వంగి చూసింది. ఒక ముల్లును వేలితో కొంచెం జరిపి మళ్లీ నీడ చూసింది. తర్వాత కోయలో అత్తకు గబగబా చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు బిందె మీదికి వంగారు. ఒకామె నవ్వింది.

ముత్తమ్మ మాత్రం నవ్వలేదు. "కొలిచినంక లెక్క ఎవలకిస్తరు?" అంది.

"మా బడి పిల్లలకు."

"ఇంకెవలకు?"

"ఇంకెవరికీ కాదు."

"దీన్ని మొదలు ఎవలు కొలిచిన్రు?"

చెప్పాను. దూరదేశపు మనుషులు, ఓడలు, దిక్సూచి, నక్షత్రాలు, వాళ్లు కొత్త తీరాలకు చేరడం, చేరిన చోటల్లా పటాలు గీసుకోవడం. ఆమె అంతా విని అడిగింది.

"గీసుకున్నంక ఆ జాగలు ఎవలయినయి?"

"వాళ్లవే అయినాయి. అక్కడి మనుషులు చాలా పోగొట్టుకున్నారు."

"గది గూడ చెప్పు పిల్లలకు."

"చెబుతానమ్మా" అన్నాను. నేను ఆ పాఠంలో ఓడల గురించి రెండు పీరియడ్లు చెప్పేదాన్ని, ఈ సంగతి చివర్లో ఒక వాక్యంగా వచ్చేది. ఇప్పుడు అలా చెప్పడం లేదు.

ముత్తమ్మ దిక్సూచి తిరిగి నా చేతిలో పెట్టింది. ఊరి పేరు ఎక్కడా రాయొద్దంది. అందుకే ఇక్కడా రాయడం లేదు. సుజాత జొన్నరొట్టె, చింతపండు పచ్చడి పెట్టింది. మేం మలుపు దాకా వస్తుంటే తనూ వచ్చి, తనే దిక్సూచి పట్టుకుని చూసి, "ఉత్తరం, కొద్దిగ తూర్పు" అని చెప్పింది. ఆ బాణం ఆమె చెప్పినట్టే గీశాను.

మొండికుంట, అశ్వాపురం దాటి మణుగూరు చేరేసరికి పొద్దు వాలింది. బొగ్గు లారీల వెనక దుమ్ములో మా ఇద్దరి ముఖాలూ గుర్తుపట్టలేనట్టు అయ్యాయి. బస రజియా వాళ్ల అన్నయ్య రహీం భాయ్ క్వార్టర్లో. ఆయన గనిలో బొగ్గు తవ్వి ఎత్తే షావెల్ యంత్రానికి ఆపరేటరు. గొట్టాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"ఎమ్మెస్సీ చదివిపిస్తే ఎండకు నీడలు కొల్చుకుంట తిరుగుతున్నవా? ఫోన్ల చూస్తే జల్దీ వస్తది గద."

"ఫోన్ల చూస్తే ఎవలో కొలిచింది వస్తది భయ్యా. నేను కొలిచింది రాదు" అంది రజియా. వాళ్ల వదిన వంటింట్లోంచి "అవ్, నిజమే గదా" అంది. రహీం భాయ్ మాకు వేడినీళ్లు పెట్టడానికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే మంచు. అడవి మీంచి దిగిన మంచు క్వార్టర్ల మధ్య పొగలా నిలబడిపోయింది. పదింటికి విడిచింది కాని వెనకే మబ్బు పట్టింది. కాలనీ గ్రౌండులోని సిమెంటు గచ్చు మీద గొట్టం నిలబెట్టి, మట్టం చూసి, చార్టు పరిచి కూర్చున్నాం. పదకొండున్నరకు కూడా వెలుగు మచ్చ లేదు. ఆ రోజు తప్పితే ఇంకో రోజు లేదు. రజియా మర్నాడు సాయంత్రానికల్లా ఇల్లు చేరాలి. నేనూ చేరాలి. అయినా ఆమె లేవలేదు. గుండు తాడు గాలికి ఊగకుండా చేత్తో పట్టుకుని, ఆకాశం వైపు చూడకుండా చార్టు వైపే చూస్తూ కూర్చుంది.

రహీం భాయ్ నైట్ షిఫ్టు చేసి వచ్చి నిద్రపోవలసినవాడు. లుంగీ మీదే గ్రౌండులోకి వచ్చాడు. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లు ఏమిటని అడిగితే ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. "మా చెల్లె భూమిని కొలుస్తున్నది. సత్తుపల్లిల కొలిచింది, ఈడ కొలుస్తున్నది." మొదటిసారి కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. నాలుగోసారికి గొంతు పెరిగింది.

పన్నెండు దాటకముందే మబ్బు చీలింది. రేకు చిల్లులోంచి వెలుగు మచ్చ చార్టు మీద పడింది. పలచగా, వెంటనే చిక్కగా. రజియా చుక్కలు పెడుతుంటే నేను టేపు పట్టాను. మచ్చ గొట్టానికి దగ్గరగా జరిగింది, కాసేపు నిలిచినట్టు అనిపించింది, మళ్లీ దూరంగా జరగడం మొదలుపెట్టింది. ఇంకో రెండు చుక్కలు పడ్డాక మబ్బు మూసుకుంది. సాయంత్రం దాకా మళ్లీ ఎండ రాలేదు.

సత్తుపల్లి చార్టు తెచ్చి పక్కన పెట్టాం. అక్కడ మచ్చ పడిన చోటుకంటే మణుగూరులో రెండు వేళ్ల వెడల్పు, ఇంకొంచెం ఎక్కువ దూరంగా పడింది. అంతే తేడా. ఒక పగలంతా చేసిన ప్రయాణం, ఆ అడవి, ఆ లారీలు, అన్నీ కలిపి రెండు వేళ్లు.

రాత్రి భోజనానికి ముందు గ్రాఫు కాగితం మీద బాణాలన్నీ ఒకదాని కొసకు ఒకటి అతికిస్తూ గీశాం. పాము మెలికల్లా పైకి పాకి చివరికి మణుగూరు చేరాయి. నిలువు దూరం ఎనభై కిలోమీటర్లకు కాస్త లోపు. గొట్టం ఎత్తు, మచ్చల దూరాలను బట్టి తీసిన సూర్యుడి కోణం తేడా ముప్పావు డిగ్రీకి లోపు. రజియా భాగించింది, గుణించింది. మళ్లీ మొదటి నుంచి చేసింది. భూమి చుట్టుకొలత నలభై రెండు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. పుస్తకంలో నలభై వేలు.

రజియా ముఖం చిన్నబోయింది. "రెండు వేలు ఎక్కువొచ్చింది పద్మక్కా."

"ఎంతల రెండు వేలు?" అన్నాడు రహీం భాయ్.

"నలభై వేలల."

"ఓ గొట్టం, ఓ స్కూటీతోని!" ఆయన గ్రాఫు కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. "మా అబ్బా ఈ నేల కిందనే ముప్పై ఏండ్లు పనిజేసిండు. ఆ నేల ఎంత పెద్దదో ఆయన బిడ్డ కొలిచింది. గింతకన్న ఏం గావాలె?"

రజియా చున్నీతో కళ్లు తుడుచుకుంది. నేను ఆమెకు ఇంకో మాట గుర్తుచేశాను. పడమటి సముద్రం దాటి ఆసియా చేరుకోవాలని బయల్దేరిన ఆ పేరుమోసిన నావికుడు భూమి ఉన్నదానికంటే చాలా చిన్నదనుకున్నాడు. దారిలో ఇంకో ఖండం అడ్డురాకపోతే ఓడల్లోని తిండి అయిపోయి అంతా చచ్చేవాళ్లు. మా తప్పు ఆయన తప్పు కంటే చాలా చిన్నది. రజియా తుడుచుకుంటూనే నవ్వింది. ఆ రాత్రి బగారన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాం.

మీలో ఎవరైనా ఈ దారిన వెళ్లదలిస్తే రెండు మాటలు. డిసెంబరు చివరి వారమే మంచిది. అప్పుడు రోజు మారినా సూర్యుడి ఎత్తు దాదాపు మారదు, కనుక ఒకే మనిషి రెండు ఊళ్లలోనూ కొలవవచ్చు. గొట్టం ఎంత పొడుగైతే అంత నయం. అడవి దారిలో ఎక్కడ ఆగినా, ఏ పని మీద వచ్చారో అడగకముందే మీరే చెప్పండి. అక్కడి వాళ్లకు అడిగే హక్కుంది.

మర్నాడు ఎనిమిదింటికి మణుగూరులో బయల్దేరాం. సారపాక దాకా వచ్చి, గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్లాం. గుడి ముందు ముక్కోటి పందిళ్లు వేస్తున్నారు. నేను దర్శనానికి వెళ్తే రజియా గోదావరి ఒడ్డున మెట్ల మీద కూర్చుంది. వచ్చేసరికి పడవవాళ్లతో నది ఎటు నుంచి ఎటు పారుతోందో మాట్లాడుతోంది. ప్రసాదం చెరిసగం తిని మళ్లీ వంతెన దాటాం.

కొత్తగూడెం విడిచి దక్షిణం దారి పట్టేసరికి మధ్యాహ్నం అయింది. ఎండ నేరుగా ముఖాన కొడుతోంది. దిక్సూచి సంచిలో ఉంది, మీటరు చూడాల్సిన పని లేదు. రజియా నడుపుతోంది, నేను వెనక కూర్చున్నాను. ఈ రోడ్డు మీద ఎన్నోసార్లు బస్సులో పోయాను, ప్రతిసారీ నేల బల్లపరుపుగానే ఉండేది. ఆ రోజు అలా లేదు. మేం దక్షిణానికి పోతున్న కొద్దీ సూర్యుడు కంటికి తెలియనంతగా పైకి లేస్తున్నాడని నాకు తెలుసు. ఎవరో చెబితే తెలిసింది కాదు. చక్రాల కింద భూమి వంగుతోంది, ఆ వంపు మీద మేమిద్దరం స్కూటీ వేసుకుని దిగుతున్నాం.

"ఏంది పద్మక్కా, నిద్రపోయినవా?" అని అరిచింది రజియా గాలిలో.

"లేదు. పోనియ్" అన్నాను.